పురుగుల గది తలుపు

తడిసిన గోనెపట్ట వాసన ఎక్కడ తగిలినా నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. గొళ్ళెం కోసం వెతుకుతుంది.

మొన్న మా తమిళనాడు ధర్మపురి బస్టాండులో అదే జరిగింది. మిట్టమధ్యాహ్నం. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఊరికి పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే తమలపాకులమ్మే మనిషి తన గంపల మీద కప్పిన గోనెపట్టల మీద చెంబుతో నీళ్లు చల్లాడు. వేడి మీద పడిన నీటి ఆవిరి, జనుము, కొంచెం బూజు, కొంచెం పచ్చాకు. ఆ వాసన తగలగానే నా చెయ్యి తలకంటే ఎత్తుకు లేచింది. బస్సు ఆపుతున్నాననుకుని పక్కనున్న అమ్మాయి రోడ్డు వైపు చూసింది.

ఆ గొళ్ళెం పదకొండేళ్ల వయసులో నా తలకంటే జానెడు పైన ఉండేది. చెయ్యి ఇంకా ఆ ఎత్తునే గుర్తుపెట్టుకుంది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తెలుగులో రాయడానికి అక్షరాలు కూడా ఉండేవి కావు. మా ఇంట్లో మాట తెలుగు. బడిలో, సంతలో, బస్సు బోర్డు మీద అంతా తమిళం. ఎండను వెయిలు అనడం లాంటివి మా తెలుగులోకీ వచ్చేశాయి. మా తాతకు తెలుగు అక్షరం రాదు, నాయనకు రాదు. నలభై దాటాక హొసూరు నుంచి ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని నాకు నేనే దిద్దుకున్నాను. తమిళంలో రాస్తే ఇంకా తేలికగా వచ్చేది. కానీ ఆ రోజు మాట్లాడిన మాటలన్నీ తెలుగువి. నేనన్న మాట కూడా.

మా ఊరు ధర్మపురికి కొంచెం దూరంలో ఉంటుంది. పొద్దున లేస్తే వత్తల్‌మలై కొండలు కనిపిస్తాయి. మాకు మల్బరీ తోట ఉండేది, ఒక బావి ఉండేది, పెంకుటింట్లో ఒకే ఒక పెద్ద గది ఉండేది. పట్టుపురుగుల గుడ్లు ఇంటికి వచ్చిన రోజు ఆ గదికి సున్నం కొట్టి, మా చాపలు, పెట్టెలు, దేవుడి పటాలు అన్నీ పశువుల కొట్టంలోకి మార్చేవాళ్లం. పురుగు గూడు కట్టేవరకు దాదాపు నెల. ఆ నెల ఇల్లు పురుగులది, కొట్టం మాది.

పురుగుకు వాసన పడదని మావాళ్ల నమ్మకం. అందుకని ఆ నెలంతా ఇంట్లో తాలింపు ఉండేది కాదు. ఆవాలు చిటపటలాడిన చప్పుడు విని ఎన్నాళ్లయిందో అని నేను గొణిగితే అమ్మ ఉల్లిపాయ చేతికిచ్చి నోరు మూయించేది. ఊదుబత్తి లేదు, చేప లేదు, తలకు వేపనూనె లేదు. రాగి సంగటి, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ, ఉప్పులో వేసిన నిమ్మకాయ బద్ద. తిండికి వాసన లేకపోతే ఆకలి కూడా ఎలా చచ్చిపోతుందో ఆ నెలల్లోనే తెలిసింది.

ఎండాకాలం పంట అన్నిటికంటే కష్టం. పురుగు వేడికి ఓర్చదు. కిటికీలకు గోనెపట్టలు కట్టి, అవి ఆరకుండా పగలంతా నీళ్లు కొట్టాలి. నేల మీద ఇసుక పోసి దాన్నీ తడపాలి. పురుగుల తట్టలు పెట్టిన చెక్క స్టాండు కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు పెట్టాలి. బయట రాయి పగిలే ఎండ ఉన్నా ఆ గదిలో అడుగుపెడితే చెరువుగట్టు మీద తెల్లవారుజామున నిలబడ్డట్టు ఉండేది. ఊరంతటికీ అంత చల్లని చోటు ఇంకోటి లేదు.

ఆ గదికి కాపలా నేను. ఆ పని నాకు దొరికింది పుస్తకాల వల్ల.

మా ఊళ్లో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. ఒక గది, రెండు బీరువాలు, కుర్చీలో నిద్రపోయే ఒక గుమాస్తా. పదేళ్లు నిండేసరికి ఒక బీరువా చదివేశాను. రెండోదాంట్లో అడుగు అరలో పట్టుపురుగుల పెంపకం గురించి తమిళంలో ఒక పుస్తకం దొరికింది. అందులో పురుగు బొమ్మలు, దాని నోటి బొమ్మ, దాని రోగాలు, దానికి ఎంత వేడి తగును, ఎంత తగదు, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి నాయనకు చదివి వినిపించాను. నాయన ముందు నవ్వాడు. పురుగు నాలుగుసార్లు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి పొర వదులుతుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. రెండో జ్వరం ఎప్పుడు వస్తుందో నేను పుస్తకం చూసి చెప్పాను. అది ఆ పూటకే వచ్చింది. అప్పటినుంచి నాయన నవ్వలేదు.

“ఏం పాపా, బుక్కు ఏమంటాది?” అని అడగడం మొదలుపెట్టాడు.

మా నాయన అప్పటివరకు నన్ను ఏదైనా అడిగిన మనిషి కాదు. చెప్పే మనిషి. ఆ ప్రశ్న కోసం నేను ఏమైనా చేసేదాన్ని.

ఆకు కొయ్యడానికి ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చేవాళ్లు. మా ఇంట్లో వాళ్లను పెద్దామె, చిన్నామె అనేవాళ్లు. వాళ్లదీ తెలుగే. మా తెలుగే. కానీ వాళ్ల వీధి వేరు, మా ఇంట్లో వాళ్లకు నీళ్లు పోసే చెంబు వేరు. ఒకసారి నేను పెద్దామెను అత్తా అని పిలిస్తే అవ్వ చెవి మెలేసింది.

“అత్త ఏందే, అత్త! ఆమె నీకేమైతాది?”

పెద్దామె పక్కనే ఉంది. వినపడనట్టు ఆకు మూట కట్టుకుంది.

తెల్లవారకముందే తోటలోకి వచ్చి, ఎండ ఎక్కేలోపు ఆకు కోసి, మూటలు కట్టి తెచ్చి ఇవ్వాలి. నేనూ వాళ్లతో పోయేదాన్ని. పెద్దామె కింది పెదవి వెనక ఎప్పుడూ పొగాకు ముక్క ఉండేది. మాట్లాడేటప్పుడు దాన్ని నాలుకతో ఒక పక్కకు తోసి మాట్లాడేది. ఎండలో పని ఎలా చెయ్యాలో నాకు నేర్పింది ఆమే. తల మీద ముందు ఆముదం ఆకు, దాని మీద తడిగుడ్డ, దాని మీద తలచుట్ట, అప్పుడు మూట. కొంగు ముడిలో ఒక ఉల్లిపాయ. నోట్లో ఒక చింతగింజ.

“దప్పిక కాకముందే తాగాల అమ్మణ్ణీ. అయినాక తాగితే లాభం లేదు,” అనేది. “చెమట పోస్తా ఉండేదాకా భయం లేదు. చెమట నిలిచిపోయిందా, మూట దించేసి కూచోవాల. యాడుంటే ఆడ.”

“ఎట్ల తెలుస్తాది?”

“చెయ్యి పెట్టి చూసుకో. ఒళ్లు పెనం మాదిరి పొడిగా కాలతా ఉంటే అదే.”

ఒకనాడు గట్టు మీద కూర్చుని అంబలి తాగుతూ నా చేతిలో పుస్తకం చూసింది.

“అదేంది అమ్మణ్ణీ?”

“లైబ్రరీ బుక్కు. పట్టుపురుగు గురించి.”

“ఏం రాసి ఉండాది?”

“అంతా. ఎంత వెయిలు తట్టుకుంటాది, ఎంతకు తట్టుకోలేదు, గాలి ఎట్ల రావాల, నీళ్లు యాడ చల్లాల.”

“సరి. ఆకు కోసేవాళ్లు ఎంత వెయిలు తట్టుకుంటారో ఉండాదా చూడు.”

నేను నిజంగానే వెతికాను. విషయసూచిక చూశాను. చివరి పేజీ దాకా తిప్పాను.

“లేదు,” అన్నాను.

చిన్నామె పకపకా నవ్వింది. పెద్దామె మాత్రం నా మొహం చూసి, పాపం వెతికిందే అన్నట్టు, “పోనీలే. ఆ కాగితం ఎవురో చింపుకోని పోయినట్టుండారు,” అంది.

ఆ పుస్తకంలో పొగాకు గురించి ఒక పేరా ఉంది. పట్టుపురుగుకు పొగాకు విషం అని. అది నాయనకు చదివి వినిపించాను. ఆ రోజునుంచి పొగాకు నోట్లో ఉన్నవాళ్లెవరూ గది గడప తొక్కకూడదని నాయన కట్టడి పెట్టాడు. పెద్దామె, చిన్నామె ఆకు మూటలు అరుగు మీద దించి వెళ్లిపోవాలి. ఇంతకుముందూ వాళ్లు లోపలికి వచ్చింది లేదు. ఇప్పుడు దానికి పుస్తకంలో కారణం దొరికింది, అంతే.

కట్టడి అందరికీ అయితే మా అవ్వకు కూడా వర్తించాలి. అవ్వకు నశ్యం లేకపోతే పొద్దు గడవదు. పురుగుల కింద పాత ఆకు, పెంట తీసి కొత్త పరుపు వెయ్యడంలో అవ్వ చేతికి సాటి లేదు. అందుకని రోజుకు నాలుగుసార్లు ఆమె గదిలోకి పోవాలి. ఒక మధ్యాహ్నం గడ్డివాము వెనక రెండు ముక్కుల్లోకి దట్టించుకుంటూ నాకు దొరికిపోయింది.

“అవ్వా! బుక్కులో ఏముందో తెలుసా?”

“ఏయ్, నోరు మూసుకో పాపా. నశ్యం పొగాకు కాదు. మందు.”

“నాయనతో చెప్తా.”

అవ్వ రొంటిన ఉన్న మూట విప్పి తాటిబెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. అప్పటినుంచి రోజుకో ముక్క. అవ్వ తుమ్ము ఆపుకుంటూ పురుగుల గదిలోకి పోయేది, నేను తాటిబెల్లం చప్పరిస్తూ తలుపు తీసేదాన్ని. పురుగులకు ఏమీ కాలేదు. నాకు అది గొప్ప ఆటగా ఉండేది.

నాలుగో జ్వరం దాటాక పురుగుకు ఆకలి పిచ్చి పడుతుంది. తట్టల మీద ఆకు వేస్తే వాన పడ్డట్టు చప్పుడు. చివరి వారం రోజుల్లో తిన్నదే అంతకుముందు తిన్నదానికంటే ఎక్కువ. సరిగ్గా ఆ వారమే మా బావి అడుగంటింది. తోట ఆకు పసుపు తిరిగింది. నాయన గుట్ట అవతల ఇంకొకరి తోటలో ఆకు మాట్లాడుకుని వచ్చాడు. గుట్ట మీద కాలిదారిన పోతే రెండు మైళ్లు. బండిదారి చుట్టు తిరిగి పోతుంది.

“బండి కట్టమంటావా సామీ?” అని చిన్నామె అడిగింది.

“ఈ వెయిల్లో ఎద్దులు యాడ పోతాయే? నాలిక బయట పెడతాయి. మీరే రెండు నడకలు పోయి రండి,” అన్నాడు నాయన.

ఎద్దులు చింతచెట్టు కింద నిలబడి నెమరు వేస్తున్నాయి.

రెండు రోజులు అలా మోశారు. మూడో రోజు పొద్దున వేసిన ఆకు తొమ్మిది గంటలకే అయిపోయింది. తట్టల్లో ఈనెలు మాత్రం మిగిలాయి. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. ఇంకో మూడు నాలుగు రోజులు కడుపునిండా తింటే పండుతాయి, గూళ్లు కడతాయి. ఇప్పుడు పస్తు పడితే నెల కష్టం నేలపాలు. ఆ ఏడు ఇంకే పంటా లేదు మాకు. నాయన మొహం చూస్తే భయం వేసింది. చీకటితో లేచి అప్పటికే రెండు నడకలు పోయి వచ్చిన వాళ్లిద్దరినీ మూడో నడకకు పంపాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి నీడలు కాళ్ల కిందికి వచ్చేశాయి. నేను అరుగు మీద కూర్చుని గోనెపట్టలకు నీళ్లు కొడుతున్నాను. కళ్లం దాటి ముందు చిన్నామె కనిపించింది. వెనక పెద్దామె. ఆమె నడక చూసి నవ్వు వచ్చింది నాకు. అడుగు ఒక చోట వెయ్యబోయి ఇంకో చోట వేస్తోంది. కల్లు తాగినవాళ్ల నడక. కళ్లం మధ్యకు వచ్చి ఆగింది. మూట తల మీదే ఉంది. రెండు చేతులూ మూటను పట్టుకునే ఉన్నాయి. మోకాళ్లు మడుచుకున్నాయి.

నాయన పరుగెత్తాడు. పరుగెత్తి ముందు మూట పట్టుకున్నాడు. పచ్చాకు ఎండలో పడితే నిమిషాల్లో వాడిపోతుంది. మూట తెచ్చి అరుగు నీడలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, అప్పుడు వెనక్కి పోయాడు.

చిన్నామె అక్కను ఈడ్చుకొచ్చి అరుగు కింద పడుకోబెట్టింది. అమ్మ మజ్జిగ తెచ్చింది. పెదవులకు ఆనిస్తే పక్కనుంచి కారిపోయింది. పెద్దామె కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడడం లేదు. హరూర్‌లో ఇచ్చిన కూతురు ఎదురుగా ఉన్నట్టు మాట్లాడుతోంది.

“బస్సు వచ్చేసింది. బిడ్డను ఎత్తుకో. బిరీన ఎక్కు.”

నేను అరుగు దిగి ఆమె మోచెయ్యి ముట్టుకున్నాను. పొడిగా ఉంది. పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. అదేమిటో నాకు తెలుసు. ఆ ఇంట్లో నాకే బాగా తెలుసు. నాకు చెప్పింది ఆమే.

చిన్నామె ఏడుస్తూ నాయన కాళ్ల దగ్గర వంగింది.

“సామీ, ఆ పురుగుల రూములో కొంచెం సేపు పండబెట్టండి. ఆడ చల్లగా ఉంటాది. ఒక మూలన పడి ఉంటాది సామీ. తెలివి వస్తానే ఎత్తుకోని పోతా.”

నాయన తలుపు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. అమ్మ, “తలుపు తియ్యండి, చూస్తా ఉంటే ఎట్ల?” అంది. నాయన రెండడుగులు అరుగు వైపు వేశాడు. నా వైపు చూసి గడ్డం ఎత్తాడు. తియ్యమని.

నేను అరుగు ఎక్కి గొళ్ళెం మీద చెయ్యి పెట్టాను. ఇనుము కాలింది. గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగాను.

“నాయనా, ఆమె నోట్లో పొగాకు ఉంటాది. ఆ వాసనకే పురుగు చస్తాదని బుక్కులో ఉండాది.”

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా నేను చదివిన పుస్తకాల్లో మనుషుల మనసు గురించి రాసినవి చాలా ఉన్నాయి. వాటి సాయంతో నాకు నేను ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. భయం అనుకున్నాను, పసితనం అనుకున్నాను. నిజం చిన్నది. నాకు తెలిసింది చెప్పే అవకాశం వచ్చింది, అందరూ ఉన్నారు, చెప్పాను.

నాయన ఆగిపోయాడు. నన్ను చూశాడు. ఆ చూపు ఇంకా గుర్తుంది. అంతకుముందు నా వైపు ఎవరూ అలా చూడలేదు. అదొక దారి దొరికిన మనిషి చూపు.

“పాప చెప్పేది నిజం. వద్దు,” అన్నాడు.

చిన్నామె తలెత్తింది. ఏడుపు ఆగిపోయింది.

“ఆకంతా మా అక్క చేత్తోనే కదా అమ్మణ్ణీ కోసింది? నెలంతా అదే తినినాయి కదా? ఒక్కటి చచ్చిందా?”

అవ్వ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను అవ్వను చూశాను. అవ్వ నన్ను చూసింది. నా నోట్లో అప్పటికి తాటిబెల్లం ముక్క సగం కరిగి ఉంది.

“ఏమే, మాటలేంది? బండి కిందికి తీసుకుపో. ఆడా నీడే కదా,” అంది అవ్వ.

బండి కింద పడుకోబెట్టారు. నీడ ఉంది కానీ నేల కాలుతోంది. గాలి కూడా పొయ్యి మీదనుంచి వచ్చినట్టు వచ్చింది. అరుగు మీద రెండు కడవల నీళ్లున్నాయి, గోనెపట్టల కోసం. అమ్మ ఒకటి ఎత్తుకుపోయి పెద్దామె మీద తల నుంచి కాళ్ల వరకు కుమ్మరించింది. రెండోది ఎత్తబోతే నాయన పట్టుకున్నాడు.

“అది గోనెలకు. బావిలో చుక్క లేదు, తెలుసా నీకు?”

అమ్మ కడవ వదిలేసింది. కడవ మీద ఆమె చేతి తడి గుర్తు కాసేపు ఉండి ఆరిపోయింది.

“బండి కట్టు సామీ, ఆస్పత్రికి,” అని చిన్నామె అడిగింది.

“కొంచెం వెయిలు దిగనీ. ఎద్దులు దారిలో పడిపోతే ఆమెకూ లేదు, మాకూ లేదు.”

వెయిలు దిగింది. బండి కట్టారు. నేను గది కిటికీలకు నీళ్లు కొట్టి, నాయనతో లోపలికి పోయి ఆకు వేశాను. ఆమె మోసుకొచ్చిన ఆకే. వాడలేదు. లోపల వాన చప్పుడు మొదలైంది. తడి ఇసుక మీద అరికాళ్లు చల్లగా ఉన్నాయి. గదిలో తట్టల వరసకూ గోడకూ మధ్య ఒక మనిషి పడుకునేంత ఖాళీ ఉంది. అది నేను అప్పుడు చూశాను.

బండి బస్సు రోడ్డు చేరకముందే ప్రాణం పోయిందని సాయంత్రం తెలిసింది. బండిని అక్కడినుంచే వాళ్ల వీధికి తిప్పారు.

ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. ఎండదెబ్బ అన్నారు. ఆ ఏడు మా చుట్టుపక్కల ఎండకు పోయినవాళ్లు ఆమె ఒక్కతే కాదు. మధ్యలో ఆకు నాయన, అమ్మ మోశారు. మూడో రోజు చిన్నామె ఆకు కొయ్యడానికి వచ్చింది. ఒక్కతే. పురుగు పండేవరకు మిగిలిన నాలుగు పూటలూ ఇద్దరి మూటలూ ఆమే మోసింది. నాతో మాట్లాడలేదు. మూట అరుగు మీద పెట్టేటప్పుడు తలుపు వైపు కూడా చూడలేదు.

పురుగులు బంగారం రంగుకు తిరిగి పండాయి. చంద్రికలనే వెదురు తట్టల మీద వదిలితే మూడు రోజుల్లో గూళ్లు కట్టాయి. అంత గట్టి గూళ్లు మా ఇంట్లో అంతకుముందు రాలేదు. నాయన ధర్మపురి గూళ్ల అంగడికి పోయి వచ్చిన రోజు ఇంట్లో తాలింపు వేశారు. ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ. నెల తర్వాత ఆ వాసన. నేను నాలుగుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. ఆ సంగతి మరిచిపోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ పూట తిన్న అన్నం రుచి నేను ఇంకెప్పుడూ ఎరగను.

నాయన అంగడినుంచి నాకొక కానుక తెచ్చాడు. తమిళ నిఘంటువు. కొత్తది, అట్ట వాసన పోనిది. నా సొంతమైన మొదటి పుస్తకం అది. వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

“ఈ తూరి పంట మా పాప సదువే కాపాడింది.”

లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చే గడువు వచ్చింది. దారిలో నడుస్తూ ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. పొగాకు చేను పక్కన పెరిగిన మల్బరీ ఆకు పురుగుకు పెట్టకూడదు, పొగాకు ముట్టుకున్న చేత్తో పురుగును తాకకూడదు. అంతే ఉంది. నోట్లో పొగాకున్న మనిషి గదిలో ఒక మూల పడుకుంటే పురుగు చస్తుందని ఎక్కడా లేదు. వాసన అన్న మాటే లేదు. అది నేను కలిపింది. పుస్తకం గుమాస్తాకు ఇచ్చేశాను. ఇంకో పుస్తకం తీసుకున్నాను.

తర్వాత చాలా గ్రంథాలయాలు చూశాను. పెళ్లయి ధర్మపురి వచ్చాక జిల్లా గ్రంథాలయంలో నాకొక కుర్చీ కూడా స్థిరపడింది. వైద్యం పుస్తకాల అర ముందు నిలబడి మనిషి ఒంటికి ఎంత వేడి తగును అన్నది చదివాను. చెమట ఆగిపోతే ఏం జరుగుతుంది, ఎంత తొందరగా చల్లబరచాలి, అన్నీ ఉన్నాయి. పెద్దామె అడిగిన కాగితాన్ని ఎవరూ చింపలేదు. అది వేరే బీరువాలో ఉంది. మా ఊళ్లో ఆ బీరువా లేదు.

పురుగుల గది ఎప్పుడో కూలిపోయింది. నాయన, అవ్వ, అమ్మ లేరు. తోట ఉన్న చోట ఇప్పుడు ఇటుకల గోడౌను ఉంది. చిన్నామె మాత్రం ఉందని విన్నాను. పోవాలని పదేళ్లుగా అనుకుంటూ, పోకుండా ఉండడానికి ప్రతిసారీ ఏదో సాకు వెతుక్కున్నాను. మొన్న బస్టాండులో తమలపాకుల మనిషి గోనెపట్టల మీద నీళ్లు చల్లినప్పుడు ఆ బస్సు కోసమే నిలబడి ఉన్నాను.

ఊళ్లో దిగి వాళ్ల వీధికి నడిచేసరికి ఎండ ఇంకా దిగలేదు. చిన్నామె గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. జుట్టు మొత్తం నెరిసింది.

“ఎవురు?” అంది కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

“పురుగుల ఇంటి పాపను.”

చాలాసేపు చూసింది. “బుక్కుల పాపా?”

“అవును.”

“ఇంకా చదువుతా ఉండావా?”

“చదువుతా ఉండాను.”

“మంచిది,” అంది. గింజ తీసి పక్కన వేసింది.

నిలబడే చెప్పాను. అవ్వ నశ్యం గురించి, తాటిబెల్లం గురించి, పుస్తకంలో లేని మాట గురించి. తలుపు తియ్యడానికి నాయన ఒప్పుకున్నాడని, ఆపింది నేనేనని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“మీ అవ్వ ముక్కుపొడి ఎవురికి తెలీదు? గడ్డివాము పక్కనే కదా మేం ఆకు దులిపేది.”

“అప్పుడే అనుండచ్చు కదా నువ్వు?”

“అంటే? తీసుండేవాళ్లా తలుపు?”

ఆమె ఇంకో గింజ తీసింది.

“ఆకు మా అక్క చేత్తో కోసిందే అని చెప్తేనే ఎవురూ వినలేదు. ఇంక ముసిలామె ముక్కు గురించి చెప్తే విందురా? నువ్వు పొగాకు అన్నావు. నువ్వు అనకపోతే మీ నాయన ఇంకోటి అంటాడు. అయినా అనింది నువ్వే.”

“అవును.”

“ఏంటికొచ్చినావు?”

“చెప్పాలని.”

“చెప్పినావు కదా.”

ఇంకేమీ లేదు. వెనక్కి తిరిగాను. రెండడుగులు వేశానో లేదో వెనకనుంచి పిలిచింది.

“ఇంత వయసొచ్చి ఈ వెయిల్లో యాడికి పోతావు? మొగమంతా రాగిచెంబు మాదిరి ఉండాది. ఆగు.”

మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. తలుపు తోసింది. దానికి గొళ్ళెం లేదు, ఒక తాడుముక్క ఉంది.

“రా లోపలికి. నా నోట్లో పొగాకు ఉండాది. నువ్వేం చావవులే.”

నేను తల వంచి లోపలికి పోయాను. చిన్న ఇల్లు. మట్టినేల చల్లగా ఉంది. కుండలోనుంచి చెంబు ముంచి నా చేతికిచ్చింది. ఇంట్లో ఒకటే చెంబు.

“దప్పికగా లేదు,” అన్నాను.

“తాగు. దప్పిక కాకముందే తాగాల అనేది మా అక్క.”

ఆ మాట ఆమె అక్క నాకూ చెప్పిందని, నేను అడిగినప్పుడల్లా విసుగు లేకుండా మళ్లీ చెప్పిందని ఆమెతో అనలేకపోయాను. చెంబు ఖాళీ అయ్యేవరకు తాగాను.